అనార్ రంగు గీత

మంగళవారం

మూతపడిన పాత కంపెనీల విమానాలను కంప్యూటర్ సిమ్యులేటర్‌లో మళ్ళీ ఎగరేసే మా గ్రూపులో, నేను రంగులు వేసిన విమానాన్ని అందరూ సూపరన్నారు. మూడు రోజులు గాల్లో తేలాను.

ఇవాళ గ్రూపులోని యూసుఫ్ భాయ్ వాళ్ళ నాన్నను పత్తర్‌గట్టిలోని మా మ్యాచింగ్ సెంటర్‌కు తీసుకొచ్చాడు. ఆయన ఒకప్పుడు ఆ కంపెనీ విమానాలను కడిగిన మనిషి. ఫోన్‌లో నా విమానాన్ని, దాని పొడవునా నేను వేసిన ఎర్ర గీతను చాలాసేపు చూశారు.

“మస్తు చేసినవ్ బేటీ. గానీ ఈ గీత గింత ఎరుపు లేకుండె. అనార్ రంగుండె, దానిమ్మ గింజ లెక్క.”

“పాత పోస్ట్‌కార్డు చూసే వేసిన చాచా.”

“ఏడ పెట్టి చూసినవ్?”

ఇంట్లో, ట్యూబ్‌లైటు కింద! జాకెట్టు ముక్క కోసం చీర తెచ్చిన ప్రతి ఒక్కరినీ, లైట్ల కింద రంగును నమ్మొద్దమ్మా అని వీధిలోకి తీసుకెళ్ళి ఎండలో చూపించేది నేనే.

ఆయన మా తానుల్లోంచి ఒకటి లాగి, బయట ఎండలో పట్టి, “గిదే” అన్నారు. మెచ్చుకున్నవాళ్ళలో నిజంగా చూసింది ఆయనొక్కరే.

గీత మారిస్తే ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళు లొల్లి చేస్తారేమో. చేయనీ.

ఆ తానులోంచి కత్తిరించిన ముక్క కీబోర్డు పక్కనే ఉంది. ఇప్పుడే మొదలుపెట్టాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ గదిలో ఉన్నది ట్యూబ్‌లైటే. పొద్దున కిటికీలోకి ఎండ రానీ.