అడవి పుదీనా నూనె

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలు తప్ప. దాని గురించి ఆయన్ని అడగకు, మొదలుపెడితే ఆపరు.

నువ్వడిగిన సంగతులు చెబుతాను. పిల్లి ఈనింది, అదీ మీ నాన్న కొత్త చెప్పుల పెట్టెలో. ఆయన పాత చెప్పులతోనే తిరుగుతున్నారు. మా సబ్బుల పని బాగానే సాగుతోంది. కొత్తగా చేరినమ్మాయి అచ్చుల్లో పొయ్యడం నేర్చుకుంది గానీ నోరు మాత్రం మూయదు.

ఇక చివర్లో ఓ మూల ఇరికించి రాశావు చూడు, సబ్బుల్లో కలిపే అడవి పుదీనా నూనె చిన్న సీసా పంపమని, కడుపునొప్పికని, ఎన్ని చుక్కలు తాగాలో కూడా చెప్పమని. పంపను. టీ వాసన కూడా పడటం లేదని పైన నువ్వే రాశావు. నేనూ నిన్ను మోసినదాన్నే కదే.

పుదీనాయే కదా, ఏమవుతుందిలే అనుకుని ఉంటావు. వంటింట్లో ఆకు వేరు, ఇది వేరు. బస్తాల కొద్దీ ఆకు మరిగిస్తే దిగే నూనె ఇది. తొడుగులు లేకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వను. తాగితే కడుపు పోతుందని ఎవరో ఒకరు చెవిలో ఊదుతూనే ఉంటారు. లివర్ పాడై మనిషే పోతుందని మాత్రం చెప్పరు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మీ పిన్ని కామెర్లతో పోయిందన్నాను కదా. కామెర్లు నిజమే. ఎందుకొచ్చాయో చెప్పలేదు. ఈ నూనె తాగింది. కళ్ళు పచ్చబడేదాకా మాకెవరికీ తెలియలేదు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "తిడతావని చెప్పలేదక్కా" అంది.

నేను తిట్టను. ఆ నూనె ఇంకెక్కడైనా సంపాదించి ఉంటే తాగకు. ఒక్క చుక్క మింగి ఉన్నా సరే, ఈ ఉత్తరం పక్కన పడేసి ఆసుపత్రికి పరిగెత్తు. బిడ్డను ఉంచుకోవాలో వద్దో నీ ఇష్టం. ఏదైనా డాక్టరు దగ్గరే, నేను పక్కనుండగానే. ఈ ఉత్తరం వెనకాలే బయల్దేరుతున్నాను. మీ నాన్నకి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటాను. స్టేషనుకి రాకు, పడుకో.

మీ పిన్ని నన్ను అడగలేదు. నువ్వు డొంకతిరుగుడుగానైనా అడిగావు. నా బంగారానివి.

ఇట్లు,
ఈసారికి తిట్టని
మీ అమ్మ