మిమ్స్ చొక్కా

మిల్వాకీ, జూలై 9

చెల్లీ నేడీన్,

మీ బావ అలక తప్ప ఇక్కడంతా కులాసా. ఒప్పందం తీరగానే మన బాస్కెట్‌బాల్ జట్టు వదిలి మిమ్స్ మీ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయాడు కదా, నిన్న అతని పేరున్న చొక్కా తగలబెడతానని ఆయన పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేశారు.

"గొప్ప ఆటగాళ్లందర్నీ పెద్ద ఊళ్లే ఎగరేసుకుపోతుంటే మనమింక గెలిచినట్టే! ఈ ఏడాదికి మన సీట్లు వదిలేద్దాం లొరేన్" అన్నారు.

ఏటా అన్ని ఆటలకూ కలిపి డబ్బు కట్టి, ఇరవై రెండేళ్లుగా మేమిద్దరం పక్కపక్కన కూర్చున్న సీట్లవి. నేను ఆటల ఫలితాలు రాసుకునే పుస్తకం తెచ్చి చూపించాను. "మిమ్స్ రాకముందు ఏడాది ఎనభై రెండు ఆటల్లో పద్దెనిమిదే గెలిచాం. మన ఊళ్లో ఆడినవాటిలో ఒక్కటైనా మానారా మీరు? ఆ పొయ్యి మీద సాసేజ్‌లు కాల్చండి, ఆకలేస్తోంది."

చొక్కా పక్కన పెట్టి సాసేజ్‌లే కాల్చారు. ఇవాళ పొద్దున ఈ ఏడాదికీ సీట్లు ఉంచమనే కాగితం మీద సంతకం పెట్టారు.

నా నీలం గిన్నె నీ దగ్గరుందా? మోకాలి నొప్పి తగ్గిందా? జనవరిలో మిమ్స్ మీ జట్టుతో ఇక్కడ ఆడతాడు, నువ్వూ రా. మీ బావ అతన్ని గొంతు పోయేలా గేలి చేస్తారు, పట్టించుకోకు. పొగ వాసన పోయేలా ఆ చొక్కా రెండుసార్లు ఉతకమన్నది ఆయనే.

పిల్లలు చల్లగా ఉండాలి.

మీ అక్క,
లొరేన్