అడవిలో మేఘన చెప్పిన మాట

గురువారం రాత్రి. స్కాట్లండ్ నడకలో నాలుగో రోజు.

పొద్దుటి నుంచీ వాన. విడాకులయ్యాక మా అమ్మాయితో ఇలా సెలవులకు రావడం ఇదే మొదలు. మధ్యాహ్నం పైన్ చెట్ల కింద దుంగ మీద కూర్చుని పులిహోర తింటుంటే మేఘన తలెత్తకుండా అంది.

"అమ్మా, ఐ వాంట్ టు లివ్ విత్ నాన్న."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావే?"

"సిన్స్ క్రిస్మస్. నీకెలా చెప్పాలో తెలీలేదు."

"సరే, తిను. చల్లారిపోతుంది" అన్నాను. పులిహోర ఎప్పుడో చల్లారిపోయింది.

తర్వాత మూడు గంటలు తను ముందు, నేను వెనక. ఎందుకని అడగాలనుకున్నాను. ఏం చెబుతుందోనని భయమేసింది.

ఇప్పుడు పక్క మంచం మీద నిద్రపోతోంది. ఇందాక మడమ మీది బొబ్బకు ప్లాస్టర్ వేస్తే కాలు వెనక్కి తీసుకోలేదు.

ఇంకా రెండు రోజుల దారి ఉంది. రేపు వీలైనంత మెల్లగా నడుస్తాను.