వాయిదా నాటి ఆటపెట్టె

జమ్మలమడుగు,
శుక్రవారం.

అరుణకుమారికి, దేవపాలు రాస్తాండేది. ఆ ఎడారి దేశంలో ప్రభువు నీకు తోడుండాల. ఈడ అమ్మ, పాప, నేను బాగుండాము. తమ్ముడు జయరాజు గూడా ఈ పొద్దుటికి బాగుండాడు.

నీ జాబులో అడిగినవాటికి ముందు చెప్తా. అమ్మ మోకాళ్ళకు నువ్వు పంపిన తైలం పనిచేసింది, పోయిన ఆదివారం చర్చికి నడిచే వచ్చింది. మిద్దె కురుస్తాండే చోట సిమెంటు పూయించినా. పాప చాపాడు హాస్టల్లో బాగానే చదువుతాంది, నీ మాదిరే మొండి. నా పంచరు అంగడి ఎప్పట్లాగే బస్టాండు పక్కన నడుస్తాంది. రెండు పార్టీల జీపులూ నా కాడికే వస్తాయి, గాలి కొట్టించుకుంటాయి, పోతాయి. ఒకరి మాట ఇంకొకరికి చెప్పననే గదా నన్ను బతకనిస్తాండేది.

ఆటపెట్టె నూర్ అహ్మద్ ఆడనుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిచ్చినాడు. మీ సేటు పిల్లోడు కొత్తది కొనుక్కోని పారేస్తే, పాపకని పంపితివి. పాప రెండు దినాలు ఆడి పక్కన పెట్టేసింది. పట్టుకున్నోడు నీ మరిది. ముప్పై ఏండ్లు, ఇంత మీసం, లీడరు జీపులో బాంబుల సంచి పక్కన కూచ్చోనే మనిషి. అట్లాంటోడు నా అంగట్లో పాత టైరు మింద చేరి ఆ పచ్చ అద్దంలోకి కండ్లార్పకుండా చూస్తాంటే నాకు నవ్వొచ్చేది. ఏముందిరా దాంట్లో అని తిట్టినా. టోపీ పెట్టుకున్న బుడ్డోడొకడు ఉరుకుతాంటాడు. గుంత వస్తే ఎగరాల, కప్ప వస్తే దాని నెత్తిన దూకాల, అంతే. మూడు ప్రాణాలు. పడితే తప్పు మనదేనని మన వేలికే తెలుస్తాది, అందుకే ఇంకొక్కసారి అనిపిస్తాది. నేను మొదటి గుంత గూడా దాటలేదనుకో.

ఒకనాడు వాడే చెప్పినాడు, తల ఎత్తకుండానే.

"అన్నా, దీంట్లో నిన్న గుంత యాడుండెనో ఈ పొద్దూ ఆడే ఉంటాది. మన దారిలో అట్ల ఉండదు గదా."



జీపు సంగతి నీకు తెలిసుంటాదో లేదో. పోయిన వారం గురువారం లీడరు మనుషులు పులివెందుల కోర్టు వాయిదాకు పోతాంటే, ముద్దనూరు దాటినాక వంక కాడ బాంబులేసినారు. ముగ్గురు పోయినారు. జీపు తోలే ఖలందర్ గూడా పోయినాడు. జయరాజు ఆ జీపులో లేడు. ఎందుకు లేడంటే, పొద్దున్నే అంగడి ముందర జీపు హారను కొడతాంటే, వాడు ఆటలో అంతవరకూ ఎన్నడూ దాటని వంతెన మింద ఉండాడు. మీరు పోండప్పా, నేను ఎనక బస్సులో వస్తా అన్న్యాడు. ఖలందర్ నవ్వి గేరు ఏసినాడు.

ఇప్పుడు లీడరు ఇంటికాడ ఒకటే మాట. నీకు తెలుసు గదా మన తట్టు సంగతి. దాడి జరిగితే, ఆ పొద్దు రానోడే ఉప్పందించినాడంటారు. ఇంత మీసమున్నోడు బొమ్మాట ఆడుకుంటా ఉండిపోయినానంటే ఎవురు నమ్ముతారు? ఆదివారం ఆ పెట్టె తీసుకోని రమ్మని లీడరు కబురు పెట్టినాడు. తన ముందర ఆడాలంట. మనిషిని అంతగా కట్టేసేది దాంట్లో ఏముందో చూస్తాడంట. జయరాజు వెర్రోడు, పోయి చూపిస్తా, నమ్ముతాడులే అంటాండాడు. పోతే తిరిగొస్తాడని నాకు నమ్మకం లేదు.

అరుణా, ఇంతసేపూ రాయలేక చుట్టూ తిరిగినా. జయరాజుకు ఏమీ తెల్దు. తెలిసింది నాకు.

దాడికి ముందునాడు, బుధవారం, అవతలి పార్టీ జీపు వచ్చి నాలుగు టైర్లూ కొత్తవి ఏయించుకునింది. వంక ఇసకలో దిగబడకుండా నిలబడాల, గాలి కొంచెం తగ్గించు అన్న్యారు. మర్నాడు వాయిదా అని ఊరందరికీ తెలుసు. ఇంక నాకు ఎవురూ ఏమీ చెప్పనక్కర్లేదు. జయరాజును పోవద్దురా అంటే ఎందుకని అడుగుతాడు. చెప్తే పోయి లీడరుకు చెప్తాడు. నా నోటి నుంచి వచ్చిందని అవతలోళ్ళకు తెలిస్తే పాపను గూడా వదలరు. అందుకని గురువారం పొద్దున్నే నాలుగు కొత్త సెల్లులు ఏసి పెట్టె వాని చేతిలో పెట్టినా. ఆ వంతెన ఈ పొద్దన్నా దాటుతావేమో చూస్తా అని రెచ్చగొట్టినా. వాడు తల వంచినాడు, ఇంక ఎత్తలేదు.

ఆ పక్కనే ఖలందర్ జీపు ఆపి, "గాలి చూడన్నా, దూరం పోవాల" అన్న్యాడు. నాలుగు టైర్లకూ ఈ చేతుల్తోనే గాలి కొట్టినా. ఒక్క మాట చెప్పలేదు. వాని పెండ్లాం జానీబీ దినామూ నా అంగడి మీంచే నీళ్ళకు పోతాంది. నన్ను చూసి బాగుండావా అన్నా అని అడుగుతాది.

ఈ జాబు పోస్టులో ఏయను. నూర్ అహ్మద్ రేపు బొంబాయి రైలెక్కుతాండాడు, ఆయన చేతికిస్తాండా. సామాన్లు టేసను దాకా మోయనీకి తోడు పొమ్మని జయరాజుకు అబద్ధం చెప్పి ఆయనతోనే పంపిస్తాండా, ఆయనే ఏదో ఒకటి చెప్పి వాన్ని గూడా రైలెక్కించుకుంటాడు. ఆదివారానికి వచ్చేస్తానని వాడనుకుంటాండాడు. మీ సేటును బతిమాలి వానికి వీసా తెప్పియ్యి. ఎవురు ఏం కబురు చెప్పినా వాడు ఈడికి తిరిగి రాగూడదు. నా గురించి చెప్పినా సరే.

ఆదివారం లీడరు కాడికి నేను పోతా. తెలిసింది నాకని, వానికి కాదని చెప్తా. పెట్టె చూపించమంటే చూపించాల గదా, అందుకని ఆ వంతెన ఎట్ల దాటాల్నో నేర్పరా అని ఈ సాయంత్రం జయరాజునడిగినా. నా వేళ్ళు పట్టుకోని శానాసేపు నేర్పినాడు. నీకు రాదులేన్నా అని నవ్వినాడు. మూడు ప్రాణాలూ మొదటి గుంతలోనే పోయినాయి.

ఇట్లు,
పాపను నీకు అప్పజెప్తాండే
నీ ఇంటాయన,
దేవపాలు.