పది నిమిషాల మంచం, అరగంట గడియారం

ట్రోమ్సో, నవంబరు 12, 1987

ప్రియమైన రాగ్నక్కా,

ఉండదా మరి తేడా! రెండూ మోగుతాయి కదా అని చర్చి గంటా, గొర్రె మెడలో గంటా ఒకటేనంటే ఎలా? ఎండలో తిరిగినట్టు ఒళ్లు రంగు తేలాలని నువ్వు కొన్న ఎండ మంచం, మడిచి అటక మీద పడేసే రకం. సన్నటి ట్యూబులు పన్నెండు. వంటింటి ప్లగ్గులో పెడితే వెలిగిపోతుంది. నేను పనిచేసే ఎండ మంచాల షాపులోది అట్లా కాదు. ట్యూబులు నలభై, ఒక్కోటీ నీ వాటికి రెట్టింపు బలం. దానికి కరెంటు లైనే వేరు. అది వెలిగితే పక్క బేకరీలో దీపాలు మిణుకుమంటాయి.

ఒక్క విషయంలో నీదే మేలు. షాపు మంచం పది నిమిషాలకే ఠక్కున ఆరిపోయి, లేచి బట్టలేసుకోమంటుంది. నీది అరగంట నిద్రపోనిస్తుంది.

"నెల రోజులైనా ఉడికిన కాడ్ చేపలా తెల్లగానే ఉన్నాను" అని ఏడ్చావు కాబట్టి ఒక ఉపాయం. మా షాపావిడ టోరున్ ఎనిమిది వందల గంటలు వెలిగిన ట్యూబుల్ని తీసి పారేయిస్తుంది. "అవి ముసలివైపోయాయి ఆస్కిల్, నీలాగే" అంటుంది. నాలాగే వాటికీ ఇంకా ఊపిరుంది. పన్నెండు ఏరి, చోకులతో సహా పెట్టెకెత్తాను. పక్కింటి ఎడ్విన్ పడవల వైరింగు చేస్తాడుగా, అతని చేత బిగించుకో.

ఇంకో మాట, ఇదే అసలు ముఖ్యమైంది. ఇవి బిగించాక నువ్వు ఎప్పుడూ

టోరున్ అరుస్తోంది, ఓడ వచ్చేసిందట. ఉత్తరం పెట్టెలోనే పడేసి మేకులు కొడుతున్నా.

నీ తమ్ముడు
ఆస్కిల్


వార్డో, జనవరి 24, 1988

ఒరే ఆస్కిల్,

రెండు నెలల చీకటి తర్వాత మొన్న సూర్యుడొచ్చాడు. చుట్టపుచూపుగా తల చూపించి మళ్లీ దిగిపోయాడు. చేపల ఫ్యాక్టరీలో ఏటా లాగే మాకందరికీ తలా ఒక తీపి బన్ను ఇచ్చి, కిటికీ దగ్గర నిలబడి చూడమన్నారు. నేను చూడలేదు. నా సూర్యుడు నా ఇంట్లోనే ఉన్నాడు.

ఎడ్విన్ పెద్ద పడవెక్కి వేటకి పోయాడు, ఈస్టరుదాకా రాడు. చూసి చూసి నేనే స్క్రూడ్రైవర్ పట్టి, చోకులన్నీ మార్చేశా. ఒక్కసారే షాక్ కొట్టింది. నాన్న ఉంటే "మగపిల్లాడు ఎవర్రా ఈ ఇంట్లో" అని నిన్ను అడిగేవాడు.

మొదట్లో తోలు ఊడింది. ఇప్పుడు అలవాటైంది. రోజంతా మంచునీళ్లలో చేపలు కోసి వచ్చి పడుకుంటే, ఎముకల్లోకి దిగుతుందిరా ఆ వెచ్చదనం. అరగంటకి మంచం గడియారం టక్కుమనే దాకా ఒళ్లు తెలియదు. "ఏ దేశం పోయొచ్చావే?" అంటుంది పక్కన కోసే డాగ్‌ఫ్రిడ్. "పడకగది దేశం" అన్నా.

నీ ఉత్తరం సీలు జంతువు కొరికిన చేపలా సగమే ఉంది. ఆ ముఖ్యమైన మాటేంటి? ఎండు చేప పంపమనే అయ్యుంటుంది. పంపించా.

మీ అక్క
రాగ్న


ట్రోమ్సో, ఫిబ్రవరి 9, 1988

నా బంగారు అక్కా,

ఎండు చేప అందింది. మా ఆవిడ మారెన్ రెండు రోజులు నానబెట్టింది, నేను ఒక్క పూటలో అవగొట్టాను.

ఆ రోజు ఏం రాయబోయానో ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రావట్లేదు. అంత ముఖ్యమైతే గుర్తుండేదిలే. చేపే అనుకో.

నీ తిండిపోతు
ఆస్కిల్


వార్డో, అక్టోబరు 3, 1995

ఆస్కిల్,

ఫోనులో అయితే నీ నవ్వు విని మాట మార్చేస్తానని రాస్తున్నా. పోయిన ఏడాది పిక్క మీద పుట్టుమచ్చ కోసేశారని చెప్పాను కదా. అప్పుడు "చేపకి పొలుసు తీసినంత పని" అన్నావు. అది క్యాన్సరేనట, లోపలికి పోయింది. ఊపిరితిత్తుల్లో ఉంది, కాలేయంలో ఉంది. కోయడానికి వీల్లేదన్నారు. ఎన్నాళ్లని అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు.

ఎండ మంచం వాడేవారా అని అడిగాడు. ఇంట్లో ఉండేదన్నాను. "ఇంటివి బలం తక్కువవి కదా" అన్నాడు. అవునన్నాను.

నువ్వు పరిగెత్తుకు రాకు. ఇల్లు శుభ్రంగా లేదు.

అక్క


ట్రోమ్సో, అక్టోబరు 11, 1995

అక్కా,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. చేతిలో కొత్త ట్యూబు ఉంది. దాన్ని బిగించి, అలవాటు కొద్దీ గడియారం చూశాను, పది నిమిషాలే ఉందా అని. అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత.

ఆ ముఖ్యమైన మాట చేప కాదక్కా. "ఇవి బిగించాక నువ్వు ఎప్పుడూ పది నిమిషాలు దాటకు, నీ గడియారం అరగంటదాకా ఆగదు, దాన్ని నమ్మకు." అదీ మాట. షాపు ట్యూబులు పంపాను, షాపు చోకులు పంపాను, షాపు గడియారం పంపలేదు. నువ్వు అడిగావు కూడా. నేను చేప తిన్నాను.

దీనికి నా దగ్గర హాస్యం లేదు.

ఆస్కిల్


వార్డో, డిసెంబరు 2, 1995

ఒరే పిచ్చి తమ్ముడూ,

రాయడానికి చెయ్యి లేవట్లేదు, చిన్నగానే చెప్తా. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. చోకులు బిగిస్తూ ఎడ్విన్ చెప్పాడు, "రాగ్నా, ఇవి షాపువి, పది నిమిషాలకి లేచెయ్" అని. నేనే లేవలేదు. వెచ్చగా ఉందని పడుకున్నా. నా ఒళ్లు, నా ఇష్టం. నువ్వు మోయడానికి ఇందులో ఏమీ లేదు. ఆ ఉత్తరం పూర్తిగా రాసున్నా వినేదాన్ని కాదు. నీ మాట ఎప్పుడు విన్నాను గనక?

సూర్యుడొచ్చే వారానికి రా. నా వాటా బన్ను నీకిస్తా. నాకు సయించట్లేదు.

నీ అక్క
రాగ్న


ట్రోమ్సో, జనవరి 15, 1996

నా రాగ్నక్కా,

రేపటి ఓడకి టికెట్ తీసుకున్నా. పెట్టె సర్దుతుంటే నీ పాత ఉత్తరాల కట్ట దొరికింది. ఎనభై ఎనిమిదిలోది ఇదిగో ముందే ఉంది. "ఎడ్విన్ పెద్ద పడవెక్కి వేటకి పోయాడు... నేనే స్క్రూడ్రైవర్ పట్టి" అని నీ చేత్తో నువ్వే రాశావు. అబద్ధం కూడా చోకులు బిగించినట్టే బిగించావక్కా. ఒక మర వదులుగా ఉండిపోయింది.

ఎవరూ చెప్పలేదు నీకు. చెప్పాల్సినవాణ్ని నేనొక్కణ్నే.

నీ అబద్ధాన్ని నమ్మినట్టు నటిస్తూ వచ్చి, నీ మంచం పక్కన కూర్చుని బన్ను తినొచ్చు. ఇది దొరకగానే మొదట అదే అనుకున్నా. నా వల్ల కాదు. అందుకే ఇది నా కంటే ముందు విమానంలో చేరేలా పంపుతున్నా. నేనొచ్చేసరికి తిట్టడానికి సిద్ధంగా ఉండు. ఇంకా ఓపిక ఉంటే చెప్పు కూడా దగ్గర పెట్టుకో.

మారెన్ పిలుస్తోంది. వార్డో నుంచి ఫోనట. గుమ్మంలో నిలబడింది, ఫోనులో నువ్వు కాదట. ఉండమన్నాను. ఈసారి ముఖ్యమైన మాట రాశాకే లేస్తాను. అక్కా, నువ్వు నన్ను