సీటు మిగిలితేనే

తమ్ముడికి,

అమ్మ చివరిచూపు దక్కేలా చేస్తానని మాటిచ్చి, ముప్ఫై ఏళ్ల క్రితం నాకు విమానం టికెట్ పంపావు. ఎయిర్‌పోర్టులో సీట్లు నిండాయన్నారు. ఇన్నాళ్లూ ఆ విమాన కంపెనీనే తిట్టుకున్నాను.

నిన్న ఒక పాత పుస్తకంలో ఆ టికెట్ కనిపించింది. పక్కింటి ట్రావెల్ ఏజెంటు చూసి, "తాతగారూ, ఈ అక్షరం సిబ్బంది చుట్టాలకిచ్చే తరగతిది. సీటు మిగిలితేనే ఎక్కిస్తారు," అన్నాడు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ ఒక్క అక్షరం చదవలేకపోయాను.

ఫోన్ చేస్తే ఏమన్నావు? "నువ్వొస్తే గొడవవుతుందని నాన్నే ఆపమన్నాడు అన్నయ్యా!"

చచ్చినవాళ్లు సాక్ష్యానికి రారుగా! ఒకవేళ అన్నాడే అనుకో. ఆయనకు ఆ అక్షరాల సంగతేం తెలుసు? ఆ కంపెనీలో టికెట్లు రాసే ఉద్యోగం నీది. అమ్మ గుమ్మంకేసి చూస్తూ పోయిందని చెప్పిందీ నువ్వే. నేను తప్పుపట్టేది నాన్నను కాదు, నిన్నే తమ్ముడూ.

మీ అన్నయ్య