దవడలో వాకిలి

ఉదయగిరి,
14-11-1984.

చిరంజీవి డాక్టరు నారాయణయ్యకు మస్తాన్‌బీ దువా. ఆత్మకూరులో నువ్వూ మీ అమ్మా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేము ఉన్నాము. నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పోయిన వారం నువ్వు నెల్లూరులో తీయించిన ఎక్స్‌రే గురించే ఆలోచిస్తున్నాను. కింది దవడలో నరం బయటికొచ్చే వాకిలి ఎముక పైకి వచ్చేసిందని, పళ్ళసెట్టు సరిగ్గా దాని మీదే కూర్చుంటోందని చూపించావు. ఆ చోట సెట్టు కోయకపోతే పెదవికి స్పర్శే పోతుందన్నావు. నేను ఒప్పుకోలేదు. నా కొడుకు వలి చేసిన ఆఖరి వస్తువు మీద ఆకురాయి పెట్టొద్దన్నాను. నీ మొహం చిన్నబోయింది.

ఆ వాకిలి నాకు మొదట చూపించింది వాడే. మద్రాసులో మీరిద్దరూ పళ్ళ డాక్టరు చదివేటప్పుడు, కింది పళ్ళన్నీ ఊడిపోయిన నన్ను కాలేజీకి తీసుకుపోయాడు, గుర్తుందా. ముక్కుపుడక తీయమన్నాడు. మీ నాయన బతికుండంగా బోసి ముక్కుతో ఉంటానా, తీసేది లేదు పోరా అన్నాను. మిషను గానుగెద్దు మాదిరి నా తల చుట్టూ తిరిగింది. తీరా చూస్తే ఫిల్ము మీద తెల్లటి మచ్చ. నీ ముక్కుపుడకకు ఫొటో తీసినామమ్మా, దవడ రాలా, అని వాడు నవ్వాడు. రెండోసారికి ముక్కుపుడక తీసి వాడి చేతిలో పెట్టాను. ఇది పోతే నాయన నన్ను ఇంట్లోకి రానీడు అంటూ, ఫొటో అయ్యేదాకా గుప్పిటి విప్పకుండా తలుపు బయట నిలబడ్డాడు.

ఆ ఫిల్ము ఇంటికి తెచ్చి కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. పెసరగింజంత నల్ల చుక్క. పళ్ళూడి ఎముక అరిగితే ఈ వాకిలి పైకొచ్చేస్తాదమ్మా అన్నాడు. మా ఆడబిడ్డ సైదాబీ తొంగి చూసి, ఏంది వదినా, ఎముకల్లో కూడా నీకు నోరు మూతపడినట్టు లేదే అనింది. నీదెక్కడుండాదో చూస్తానుండత్తా అని వాడు గడ్డం పట్టుకుని నొక్కేసరికి కెవ్వుమని వీధిలోకి పరిగెత్తింది. ఇల్లంతా నవ్వులే ఆ రోజు.

అప్పుడే నా దవడకు అచ్చు తీసుకుని వెళ్ళాడు. సెట్టు పెట్టుకుని వేరుశనక్కాయలు నములుదువులే అన్నాడు. ఇంతలో కామెర్లు వాణ్ణి మింగేశాయి. నలభయ్యో రోజు ఫాతెహాకు నువ్వొచ్చి, వలి చేసిపెట్టి పోయినాడమ్మా అని సెట్టు నా చేతిలో పెట్టావు.

ఇప్పుడు అన్నం నమిలితే గడ్డం దాకా కరెంటు కొట్టినట్టుంది. నిన్న టీ తాగుతుంటే పెదవి మీదుగా కారిపోయింది, నాకు తెలియనే లేదు. భయమేసింది. అందుకే సెట్టు గుడ్డలో చుట్టి, బస్సు డ్రైవరు షంషుద్దీన్ చేతికిస్తున్నాను. ఎంత కోయాలో అంత కోయి. చెయ్యి వణకనీయకు.

ఇట్లు,
నీ మేలు కోరే
మస్తాన్‌బీ

తా.క. సెట్టు చేసింది వలి కాదు, నువ్వేనని నువ్విచ్చిన రోజే నాకు తెలుసు. ఫిల్ములోని ఆ నల్ల చుక్క మీద సెట్టు ఆనకుండా అక్కడ గుంత వదులుతానని వాడు నాతో చెప్పాడు. నువ్విచ్చిన దాంట్లో గుంత లేదు. ఫిల్ము మా ఇంట్లోనే ఉండిపోయింది, నీకెట్లా తెలుస్తుంది నాయనా. ఈ ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే వాళ్ళ నాయన కంచం ముందు నుంచి లేచిపోతాడు. నువ్వొక్కడివే వచ్చినప్పుడల్లా, వలి చేసిన సెట్టు ఎట్లుండాదమ్మా అని అడిగేవాడివి. ఆ మాట కోసమే కోయనీయలేదు. కోసినాక నువ్వే తెచ్చివ్వు. వచ్చినప్పుడు ఎప్పటిలాగే అడుగు.